పోయినావిడతో నాకు పేచీ లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆడవాళ్ల పేజీలో ఒక అమ్మాయి ఉత్తరం వేశారు. భార్య చనిపోయిన ఒకాయన సంబంధం వచ్చిందట, ఆయనకి ఏడేళ్ల పాప ఉందట, చేసుకోవచ్చా వద్దా అని అడిగింది. దానికి మీరు ఇప్పించిన జవాబులో, ఓపిగ్గా ఉండు, ప్రేమతో అందరి మనసూ గెలుచుకో, మెల్లగా వాళ్లు మొదటావిడని మర్చిపోతారు అని ఉంది. అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నేనూ అలాంటి ఇంటికే రెండో భార్యగా వచ్చాను, వచ్చి చాలా ఏళ్లయింది, మా ఆయన మొదటి భార్య కూతురికి పెళ్లి కూడా చేశాం, నాకొక కొడుకు. కాబట్టి ఆ అమ్మాయికి నాకు తెలిసింది చెబుదామని. ఆ అమ్మాయిని చేసుకోబోయే ఆయనకి ఇంకా ఎక్కువ చెప్పాలి.

ముందు ఆ మర్చిపోవడం సంగతి. ఎందుకు మర్చిపోవాలండీ? ఒక మనిషి ఆ ఇంట్లో కాపురం చేసింది, బిడ్డని కంది, ఆ బిడ్డ చిన్నగా ఉండగానే పోయింది. ఆవిడని ఆ బిడ్డ మర్చిపోవాలని కోరుకోవడం నాకైతే పాపంలా అనిపిస్తుంది. రెండో పెళ్లి చేసుకున్న ఆడదాని కష్టం వాళ్లు ఆవిడని గుర్తుపెట్టుకోవడంలో లేదు. ఆవిడ పేరు పెట్టి కొత్తగా వచ్చినదాన్ని రోజూ కొలుస్తారు చూడండి, కష్టమంతా అక్కడుంది. బతికున్న మనిషి అన్నాక ఒకరోజు పప్పులో ఉప్పెక్కువవుతుంది, ఒకరోజు తలనొప్పి వస్తే విసుక్కుంటుంది, ఒకరోజు చుట్టాలొస్తే మొహం మాడ్చుకుంటుంది. గోడ మీద దండ వేసుకున్నావిడ ఇవేవీ చెయ్యదు. అలాంటి మనిషితో పోటీ పెట్టి గెలుచుకోమంటే ఎలా గెలుస్తుంది ఎవరైనా?

మా ఇంటి సంగతే చెబుతాను. పెళ్లికి పెట్టే స్టీలు సామాన్ల మీద పేరూ తేదీ చెక్కిస్తారు కదా, నేను వచ్చేసరికి వంటింట్లో గిన్నెలు, గ్లాసులు, డబ్బాలు, మంచినీళ్ల బిందెతో సహా అన్నిటి మీదా ఆవిడ పేరే ఉంది. అందులో వింతేమీ లేదు, వాళ్ల పుట్టింటివాళ్లు ప్రేమగా పెట్టుకున్నవి. అయితే వంటింట్లో నేను ఏ పని మొదలుపెట్టినా దానికి ముందే ఒక పద్ధతి ఉండేది. ఆవకాయలో ఆవిడ కొలత వేరు, ఆవిడ చారులో ఇంగువ తాలింపు ముందు వేసేది కాదు, ఆవిడ అయితే పిల్లకి జడ ఇంత బిగించి వేసేది కాదు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. ఆవిడకి ఆ కోడలు పోయిన దుఃఖం తీరలేదు, నాతో మాట్లాడుతున్నప్పుడల్లా ఆ కోడలితోనే మాట్లాడుకునేవారు. నాకు ఇప్పుడు ఇలా చెప్పడం తేలికే గానీ, అప్పట్లో ఒక్కో మాటకి ఒక్కో పూట అన్నం సయించేది కాదు.

చుట్టాలు మాత్రం ఈ విషయంలో ఇంకా మొరటుగా ఉంటారు. పెళ్లిలోనో పేరంటంలోనో నన్ను చూపించి "ఈవిడ రెండో ఆవిడ" అని పరిచయం చేస్తారు, ఆ వెంటనే గొంతు తగ్గించి "పాపం, ఆ పిల్ల మహాలక్ష్మిలా ఉండేది" అంటారు, నేను పక్కనే నిలబడి ఉండగా. వాళ్లకి నా మీద కోపం లేదు. ఆ మాట అనకపోతే పోయినదానికి అన్యాయం చేసినట్టని వాళ్ల ఉద్దేశం. కానీ ఇలా అనీ అనీ ఆ పోయినావిడని దేవతని చేసేస్తారు, దాంతో ఆవిడ కూడా మనిషి లెక్కలోంచి పోతుంది.

నాకు ఆవిడ మనిషిగా కనపడింది వాళ్లమ్మగారి వల్ల. ఈ సంగతి కొంచెం ఎక్కువ చెబుతాను, ఆ అమ్మాయికి పనికొస్తుందని. మనవరాలిని చూడడానికి ఆ పెద్దావిడ వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉండేది. రాగానే పిల్ల తల నిమిరి పేలున్నాయేమో చూసేది, గోళ్లు చూసేది, చెవి వెనక మట్టి చూసేది. సవతి తల్లి చేతిలో పిల్ల ఎలా ఉందో అని తనిఖీ చేస్తోందని నాకు ఒళ్లు మండేది. కూతురు పోయి, ఆ కూతురి బిడ్డని ముక్కూ మొహం తెలియని దాని చేతిలో పెట్టిన తల్లి చూడక ఏం చేస్తుంది? ఒకసారి వేసవిలో వచ్చి నాలుగు రోజులుంది. వడియాలు పెడుతుంటే పక్కన కూర్చుని నేనేమీ అడక్కుండానే కూతురి గురించి చెప్పడం మొదలుపెట్టింది. దానికి ముక్కు మీద కోపం అమ్మా, కంచం విసిరికొట్టేది, పెళ్లయ్యేదాకా అన్నం వార్చడం రాదు, లెక్కల్లో తప్పి ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు దాచింది, సినిమా అంటే ప్రాణం, మీ ఆయనతో ఫలానా ఊళ్లో పండగ పూట పెద్ద గొడవ పెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది అని. చెబుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్నాళ్లూ ఆ ఫొటోలో ఉన్నావిడ నా కంటికి ఒక పరీక్ష పేపరులాగే ఉండేది. ఆరోజు మొదటిసారి, ఈ పిల్లని పరిచయం చేసుకుని ఉంటే మేమిద్దరం స్నేహంగా ఉండేవాళ్లం అనిపించింది. తర్వాత ఆ పెద్దావిడ నన్ను చూడడానికి కూడా రావడం మొదలుపెట్టింది.

ఈ మాటలు మా ఆయన చెప్పి ఉండాల్సినవి. ఆయన ఏనాడూ చెప్పలేదు. ఆవిడ పేరొస్తే లేచి బయటికి వెళ్లిపోవడం, లేకపోతే టీవీ సౌండు పెంచడం. నన్ను ఎవరైనా ఆవిడతో పోల్చి ఏదైనా అంటే విననట్టు కూర్చోవడం. నాకు నొప్పి కలిగించకూడదని ఆవిడ గురించి మాట్లాడరు, వాళ్లకి నొప్పి కలగకూడదని నా వైపు మాట్లాడరు, ఇలా ఎవరికీ నొప్పి లేకుండా చూడాలనుకున్న మనిషి ఇంట్లో అందరూ నొప్పి పడ్డాం. రెండో పెళ్లి చేసుకున్న మగవాళ్లలో చాలామంది ఇలాగే ఉంటారని నాతో చెప్పుకున్న ఆడవాళ్ల మాటల్ని బట్టి నాకు తెలుసు. ఆ అమ్మాయిని చేసుకోబోయే ఆయనకి నేను చెప్పేదిదే. ఆవిడ గురించి మీరు మాట్లాడండి. మంచీ చెడూ రెండూ చెప్పండి. కొత్తగా వచ్చిన భార్య ముందు మీ అమ్మగారో అక్కగారో పోలిక తెస్తే, ఆ పోలిక వద్దని మీ నోటితో మీరు చెప్పండి. అదే మాట ఆ అమ్మాయి అంటే గయ్యాళి అంటారు, మీరంటే ఊరుకుంటారు. పొరపాటున కొత్త భార్యని మొదటావిడ పేరుతో పిలిచారనుకోండి, దాన్ని పట్టుకుని ఆ అమ్మాయి కూడా పెద్దది చెయ్యక్కర్లేదు. ఏళ్లపాటు నోటికి అలవాటైన పేరు ఎక్కడికి పోతుంది? నాకు అది ఎప్పుడూ తప్పుగా అనిపించలేదు.

పిల్లల విషయం. ఏడేళ్ల పాప అంటే ఆ పాపకి తల్లి బాగా గుర్తుంటుంది. ఇంటికి రాగానే "అమ్మ అని పిలువు" అని పిల్ల వెంట పడేవాళ్లుంటారు, దయచేసి ఆ అమ్మాయి దాన్ని మొదటిరోజే ఆపాలి. మా అమ్మాయి నన్ను పిన్ని అంటుంది, ఇప్పటికీ అంతే. ఆ పిలుపుతోనే జ్వరమొస్తే నన్ను పట్టుకుని పడుకుంది, ఆ పిలుపుతోనే నాతో పోట్లాడింది. పిల్లని మందలిస్తే సవతి తల్లి బుద్ధి అంటారు, మందలించకపోతే సొంత బిడ్డయితే ఇలా వదిలేస్తుందా అంటారు, ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి ఒకే వారంలో విన్నాను. దానికి మందు లేదు. పిల్లకి ఏది మంచిదో అది చేసుకుంటూ పోవడమే. ఇంకొక్కటి, తల్లి నగలూ చీరలూ ఆ పిల్లవి. నా పెళ్లయిన కొత్తలో మా ఆడపడుచు ఆవిడ గొలుసు తెచ్చి నా మెడలో వెయ్యబోతే వద్దన్నాను. ఇంట్లో పెద్దల ఎదురుగా కాగితం మీద వస్తువులన్నీ, ఏది ఎన్ని గ్రాములో రాయించి అందరితో సంతకాలు పెట్టించి లాకర్లో పెట్టించాను. పెళ్లప్పుడు ఆ కాగితంతో సహా పిల్లకి ఇచ్చాం. ఆ అమ్మాయి కూడా ఈ పని చెయ్యాలి. రేపెప్పుడో ఒక చిన్న ఉంగరం కనపడకపోయినా మొదటి అనుమానం ఆమె మీదకే వస్తుంది.

ఆచారాల గురించి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తవదు. మా గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. ఆవిడ ఫొటో ముందు చీర పెట్టి, తర్వాత ఆ చీర నన్ను కట్టుకోమంటారు. భాద్రపదంలో మహాలయ పక్షాల్లో నవమి రోజున, భర్త ఉండగా పోయిన ఆడవాళ్ల పేరున ముత్తైదువకి భోజనం పెట్టి చీర పెడతారు, అవిధవా నవమి అంటారు, అదీ చేస్తాం. కొన్ని కుటుంబాల్లో రెండో భార్య మెడలో పోయినావిడ పేరున ఒక చిన్న బిళ్ల కూడా వేసుకోవాలని పట్టుబడతారు. ఇవి చెయ్యడం నాకు ఇష్టమే. సంక్రాంతికి ఆ చీర నేనే వెళ్లి, ఆవిడకి ఇష్టమని వాళ్లమ్మగారు చెప్పిన రంగు చూసి కొంటాను. కానీ వీటిని అడ్డం పెట్టుకుని భయపెడతారు, దాన్ని మాత్రం ఒప్పుకోను. నాకు మొదటి కాన్పు నిలవనప్పుడు, పెద్దావిడకి చీర పెట్టలేదు అందుకే ఇలా అయిందని ఒకావిడ నా మొహం మీదే అంది. బిడ్డని పోగొట్టుకుని మంచం మీద ఉన్నదానితో అనే మాటేనా అది? చనిపోయిన ఒక తల్లి ఇంకో ఆడదాని కడుపు మీద పగబడుతుందని ఎలా అనగలిగారు? అది నాకంటే ఆవిడకి ఎక్కువ అవమానం.

ఇంకో సంగతి కూడా మీ పాఠకులు ఆలోచించాలి. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది, మన దగ్గర వీరేశలింగం గారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు, అప్పుడు ఊరు ఊరంతా ఆయన్ని వెలివేసినంత పని చేసింది. మగవాడికి మాత్రం ఏ చట్టమూ అవసరం పడలేదు, భార్య పోయిన ఏడాదికే కాదు, ఏడాది తిరక్కుండానే సంబంధాలు చూసేవారు. ఆ రోజుల్లో కాన్పుల్లో పోయేవాళ్లు ఎక్కువ, కట్నం ఇచ్చుకోలేని ఇంటి ఆడపిల్లలు రెండో పెళ్లి, మూడో పెళ్లి వాళ్లకి వెళ్లేవారు. మా ఇంట్లోనూ అంతే, మా నాన్నగారికి ముగ్గురం ఆడపిల్లలం, నాకు వయసు మీరుతోందని, కట్నం అడగలేదని ఈ సంబంధం ఖాయం చేశారు. సరే, ఇప్పుడు భర్త పోయిన అమ్మాయిలు కూడా మళ్లీ పెళ్లి చేసుకుంటున్నారు, మంచిదే. కానీ అలా వెళ్లిన అమ్మాయి మొదటి భర్త ఫొటో కొత్త అత్తవారింట్లో హాల్లో పెట్టుకోగలదా? నాకు తెలిసిన ఒకమ్మాయి బీరువాలో చీరల మడతల్లో దాచుకుంది. మగవాడి మొదటి భార్య ఫొటోకి రెండో భార్య రోజూ దండ మార్చాలి, ఆడదాని మొదటి భర్త పేరు కూడా ఎత్తకూడదు. నాకు దండ మార్చడం కష్టం కాదు. ఆ అమ్మాయి ఫొటో దాచుకోవాల్సి రావడం మాత్రం కష్టంగా ఉంది.

మీ జవాబులో అసలు లేనిది కాగితాల సంగతి. రెండో భార్య మీద మొదటావిడ నీడ ఎక్కువగా పడేది అక్కడే. భార్య చనిపోయాక చేసుకున్నా, కోర్టు విడాకులు ఇచ్చాక చేసుకున్నా ఆ భార్య చట్టప్రకారం పూర్తి భార్య, అందులో ఏ లోటూ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా పోతే పిల్లలతోపాటు, ఆయన తల్లి ఉంటే ఆవిడతోపాటు ఈమెకీ సమాన వాటా వస్తుంది. మొదటి భార్య బతికి ఉండి విడాకులు లేకుండా చేసుకుంటే మాత్రం 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం హిందువుల్లో ఆ పెళ్లి చెల్లదు, అది నేరం కూడా. అందుకని ఆ అమ్మాయి ముందు మరణ ధ్రువీకరణ పత్రం చూడాలి, విడాకులైతే కోర్టు డిక్రీ చూడాలి, అప్పీలు గడువు దాటిందో లేదో లాయరుని అడగాలి. పెళ్లి రిజిస్టర్ చేయించుకోవాలి. సిగ్గుపడి ఊరుకోవద్దు.

పెళ్లయ్యాక ఇంకా పని ఉంది. మా దగ్గర బంధువు ఒకావిడ నాలాగే రెండో భార్య, ఆయన పోయాక చూస్తే ఇన్సూరెన్స్ పాలసీలో, బ్యాంకు ఖాతాలో, ఆఫీసు కాగితాల్లో అన్నిట్లోనూ నామినీగా మొదటావిడ పేరే ఉంది. ఎప్పుడో చనిపోయిన మనిషి పేరు! నామినీ ముందే పోయి, కొత్త పేరు ఇవ్వకపోతే ఆ డబ్బు వారసులకి వెళుతుంది, కానీ ఆ వారసులు ఎవరో తేల్చుకోవాలి. తహశీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, కొన్నిచోట్ల కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్, మొదటావిడ మరణ పత్రం, పెళ్లి రుజువు, ఆధార్‌లో భర్త పేరు, ఇలా ఒకటి తర్వాత ఒకటి. ఆ ఆఫీసులో ఒక గుమస్తా "మీరు నిజంగానే ఆయన భార్యేనా" అని అందరి ముందూ అడిగాడట. ఆవిడ ఆ మాట చెబుతూ వణికిపోయింది. ఆ మాట విని మా ఇంటికి తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని మా ఆయన్ని కూర్చోబెట్టి సర్వీసు రిజిస్టర్లో కుటుంబ వివరాలు మార్పించడం. తర్వాత పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ, గ్యాసు కనెక్షన్. మన దగ్గర ప్రభుత్వాలు ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇస్తూ వచ్చాయి కాబట్టి కొన్నిచోట్ల ఇల్లే మొదటావిడ పేరున ఉంటుంది. అలాంటప్పుడు అందులో ఆవిడ పిల్లలకి హక్కుంది, దాని మీద ఆశ పెట్టుకోకూడదు, ఆ సంగతి పెళ్లికి ముందే తెలుసుకోవాలి.

మనం పోయాక మన ఆస్తి సంగతి కూడా చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. రెండో భార్యకి సొంత పిల్లలుంటే, ఆమె పేరున ఉన్నది ముందు సొంత పిల్లలకీ భర్తకీ వెళుతుంది, భర్త మొదటి భార్య పిల్లలు ఆ వరసలో రారు. వాళ్లు భర్త వారసుల కిందకి వస్తారని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. ఇద్దరికీ సమానంగా రావాలంటే వీలునామా ఉండాలి. నేను రాసి పెట్టాను, మా అమ్మాయికీ మా అబ్బాయికీ చెరిసగం. ముసలితనంలో ఆసరా సంగతి, 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో తల్లి అంటే సవతి తల్లి కూడా అని ఉంది. పిల్లలు లేని సవతి తల్లి, భర్త పోయినా, భర్త పోషించలేని స్థితిలో ఉన్నా సవతి కొడుకు నుంచి మనోవర్తి అడగవచ్చని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ కోర్టుకెళ్లమని రాయడం లేదు. గట్టి నేల మీద నిలబడ్డామని తెలిస్తే గొంతులో భయం పోతుంది, చుట్టాలు ఏదో అన్నా నవ్వుతూ జవాబు చెప్పగలం, అందుకోసం.

మా అమ్మాయి పెళ్లప్పుడు శుభలేఖ దగ్గర గొడవ జరిగింది. కీర్తిశేషులు అని ఆవిడ పేరు వెయ్యాలి, ఎలాగూ వెయ్యాలి. నా పేరు వెయ్యాలా వద్దా అని పెద్దలు నా ఎదురుగానే చర్చించారు. వేస్తే మగపెళ్లివారికి రెండో పెళ్లి సంగతి తెలుస్తుందట, వాళ్లకి ముందే తెలుసు! చివరికి వెయ్యలేదు. కన్యాదానానికి మా మరిదీ తోటికోడలూ పీటల మీద కూర్చున్నారు. పిల్లని పెంచినదాన్ని నేను, పెళ్లి వంటల దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన అప్పుడు కూడా ఏమీ అనలేదు. నాకు ఆరోజు కోపం ఆవిడ మీద రాలేదు, ఆవిడ ఉంటే ఆ పీట ఆవిడదే. ఆవిడ లేనప్పుడు అది నాది అని చెప్పాల్సిన మనిషి చెప్పలేదు, దాన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను, దాచుకోకుండా రాస్తున్నాను. శుభలేఖలో రెండు పేర్లూ వేస్తే ఏం పోతుంది? ఒకరు కన్నారు, ఒకరు పెంచారు, ఇంకో లైను అచ్చు వెయ్యడానికి ఎంతవుతుంది?

ఆ అమ్మాయి సంబంధం ఒప్పుకోవాలా వద్దా అన్నది నేను చెప్పలేను. మంచి మనుషులూ ఉంటారు, నాకు ఈ ఇంట్లో సుఖమూ ఉంది, అది లేదని రాస్తే అబద్ధం. కానీ ఒప్పుకునే ముందు ఆ అబ్బాయితో పెద్దవాళ్లు లేకుండా ఒక గంట మాట్లాడమనండి. మొదటావిడ ఎలా పోయింది, ఆవిడ ఎలాంటి మనిషి అని అడగమనండి. ఆయన ఆ ప్రశ్నకి చెప్పగలిగితే, ఏడ్చినా ఫరవాలేదు, చెప్పగలిగితే ఆలోచించవచ్చు. అవన్నీ ఇప్పుడెందుకు అని మాట మారిస్తే మాత్రం కొంచెం ఆగమనండి. ఆ పాపని ఒకసారి కలవమనండి, బొమ్మలూ చాక్లెట్లూ పట్టుకెళ్లకుండా ఊరికే వెళ్లి కూర్చోమనండి. పాప అమ్మమ్మగారిని కూడా కలవమనండి, అది అందరికంటే ముఖ్యం, ఆవిడ ఈ పెళ్లికి ఇష్టంగా ఉన్నారో లేదో నేరుగా ఆవిడ నోటి నుంచే వినమనండి.

మీరు ఈ ఉత్తరం వేస్తే పేరు వెయ్యకండి, మా అమ్మాయి అత్తవారు మీ పేపరే తెప్పించుకుంటారు. ఆ అమ్మాయి నాతో మాట్లాడాలనుకుంటే మాత్రం నా ఫోన్ నంబరు విడిగా రాసి పంపాను, మీ ఆఫీసు నుంచి ఇవ్వండి. మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడు చేసినా తీరిగ్గా మాట్లాడతాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
పశ్చిమగోదావరి జిల్లా